బంతి చేతులు మారినప్పుడు: బాస్కెట్‌బాల్‌లో ట్రాన్సిషన్ శిక్షణ

పరిచయం

కిందటి పాఠాలలో పాస్, డ్రిబుల్, షాట్, రీబౌండ్ అనే నైపుణ్యాలను విడివిడిగా చదివారు. అర్ధ కోర్టులో అయిదుగురు కలిసి ఎలా దాడి చేస్తారో, అయిదుగురు కలిసి ఎలా అడ్డుకుంటారో కూడా తెలుసుకున్నారు. ఈ పాఠం ఆ రెండింటి మధ్య మిగిలిపోయిన భాగానికి సంబంధించినది. బంతి ఒక జట్టు నుంచి మరో జట్టుకు చేరిన క్షణం మొదలు, రెండు జట్లూ తమ తమ స్థానాలలో కుదురుకునే వరకు సాగే ఆటను ట్రాన్సిషన్ అంటారు. తెలుగులో మార్పు దశ అనవచ్చు. మైదానంలో పిల్లలు ట్రాన్సిషన్ అనే అంటారు కనుక మనమూ ఆ మాటే వాడుకుందాం.

ఈ దశ ఎంత తరచుగా వస్తుందో ఒకసారి లెక్క వేసి చూడండి. మ్యాచ్ నిడివి 40 నిమిషాలు. ఒక్కో దాడి సగటున 16 సెకన్లు సాగిందనుకుంటే, బంతి సుమారు 150 సార్లు చేతులు మారుతుంది. అంటే ప్రతి క్రీడాకారుడూ ఒక మ్యాచ్‌లో 150 సార్లు తన పని మార్చుకోవాలి. దాడి చేస్తున్నవాడు రక్షకుడు కావాలి, రక్షకుడు దాడికి దిగాలి. ఇంత తరచుగా జరిగే పనికి మన పాఠశాలల సాధనలో కేటాయించే సమయం ఎంత? చాలాచోట్ల ఏమీ లేదనే చెప్పాలి.

కబడ్డీ తెలిసినవారికి ఈ భావన కొత్తది కాదు. కూతకు వెళ్లినవాడు తన గీత దాటి వెనక్కి వచ్చీ రాకముందే, అవతలి జట్టు నుంచి ఒకడు కూత అందుకుని వెంటపడతాడు. తిరిగి వచ్చామని ఊపిరి పీల్చుకునే జట్టు అక్కడే దొరికిపోతుంది. బాస్కెట్‌బాల్‌లో జరిగేదీ ఇదే. కాకపోతే ఇక్కడ పరుగు 28 మీటర్లు.

ఆట వేగం ఎలా పెరిగింది

1891లో జేమ్స్ నైస్మిత్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను రూపొందించినప్పుడు ట్రాన్సిషన్‌కు పెద్దగా అవకాశం లేదు. అప్పట్లో బాస్కెట్ పడిన ప్రతిసారీ బంతిని మధ్య వలయానికి తెచ్చి జంప్ బాల్ వేసేవారు. అందరూ నింపాదిగా నడిచి వచ్చి నిలబడేవారు. అమెరికాలో 1937లో ఈ నియమాన్ని తీసేశారు. బాస్కెట్ తిన్న జట్టు వెంటనే ఎండ్ లైన్ వెనుక నుంచి బంతిని లోపలికి వేసి ఆడవచ్చన్నారు. ఆధునిక బాస్కెట్‌బాల్ నిజంగా మొదలైంది ఇక్కడేనని నా అభిప్రాయం. పాయింటు సాధించిన జట్టు కూడా ఆ క్షణం నుంచే ప్రమాదంలో పడటం అప్పుడే మొదలైంది.

ఆ వేగాన్ని శిక్షణగా మలచినవారిలో జాన్ మెక్‌లెండన్ ముఖ్యుడు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో నైస్మిత్ వద్ద చదువుకున్నాడు. నల్లజాతి విద్యార్థి కావడం వల్ల అక్కడి విశ్వవిద్యాలయ జట్టులో ఆడనివ్వలేదు. తరువాత డర్హమ్‌లోని నార్త్ కరోలినా నల్లజాతి కళాశాలకు కోచ్ అయ్యాడు. 1944 మార్చిలో ఒక ఆదివారం ఉదయం, తలుపులు మూసి, ప్రేక్షకులు లేకుండా, డ్యూక్ వైద్య కళాశాల విద్యార్థుల తెల్లజాతి జట్టుతో అతని జట్టు రహస్యంగా ఆడింది. ఆనాటి జాతి వివక్ష చట్టాల కింద అలా ఆడటమే నేరం. మెక్‌లెండన్ జట్టు ఆగకుండా పరుగెత్తి 88-44 తేడాతో గెలిచింది.

నియమాలు కూడా క్రమంగా వేగం వైపే నడిచాయి. ఎన్‌బీఏ 1954లో 24 సెకన్ల గడియారం తెచ్చింది. ఫిబా 1956లో 30 సెకన్లు పెట్టి, 2000లో 24కు తగ్గించింది. అదే ఏడాది, వెనుక అర్ధ కోర్టు నుంచి ముందుకు రావడానికి ఉన్న గడువును 10 సెకన్ల నుంచి 8కి కుదించింది.

బంతి పోయినప్పుడు

ముందుగా రక్షణ గురించి చెబుతున్నాను. సాధారణంగా పుస్తకాలు ఫాస్ట్ బ్రేక్‌తో మొదలుపెడతాయి, పిల్లలకు కూడా అదే ఇష్టం. కాని కొత్త జట్టుకు త్వరగా ఫలితం ఇచ్చేది వెనక్కి పరుగెత్తడం. దానికి బంతిపై పట్టు అవసరం లేదు, పొడవు అవసరం లేదు. అలవాటు ఒక్కటే కావాలి.

ఆ అలవాటు షాట్ వేయకముందే మొదలవుతుంది. మన జట్టు షాట్ వేస్తున్నప్పుడు రీబౌండ్‌కు ఎవరు వెళ్లాలి, వెనక్కి ఎవరు తిరగాలి అన్నది ముందే తేలిపోయి ఉండాలి. ముగ్గురు రింగు వైపు, ఇద్దరు వెనక్కి అన్నది పాతకాలపు పద్ధతి. మీ పాఠశాల జట్టుకు ఇప్పటికీ అదే సరిపోతుంది. ఆ ఇద్దరిలో ఒకరు మధ్య వలయం దగ్గరకు, మరొకరు నేరుగా మన రింగు ముందుకు వెళ్లాలి. అయిదుగురూ రింగు కింద గుమిగూడితే ఒక్క పొడవైన పాస్‌తో పని అయిపోతుంది.

బంతి పోయిన వెంటనే వేసే తొలి మూడు అడుగులే అన్నిటికంటే విలువైనవి. మొదట ముఖం తిప్పి పరుగెత్తాలి, పరుగెత్తుతూ భుజం మీదుగా బంతిని చూడాలి. వెనక్కి అడుగులు వేస్తూ నడిచేవాడు ఎన్నటికీ అందుకోలేడు. సెంటర్ లైన్ దాటాక శరీరాన్ని బంతి వైపు తిప్పుకోవచ్చు. ఇక ఎవరిని పట్టుకోవాలి? ఇక్కడే ఎక్కువ గోల్స్ పోతాయి. ప్రతి ఒక్కరూ తనకు కేటాయించిన ఆటగాడినే వెతుక్కుంటూ కోర్టు అడ్డంగా పరుగెడతారు, ఈలోగా బంతి రింగు చేరుతుంది. ట్రాన్సిషన్‌లో 'నా మనిషి' అనేవాడు ఉండడు, దగ్గరి మనిషే ఉంటాడు. మొదట రింగు కాపాడాలి, తరువాత బంతిని ఆపాలి, ఆ తరువాతే దూరంగా నిలిచిన షూటర్ల సంగతి. ఎవరు దేనికి వెళుతున్నారో గట్టిగా అరిచి చెప్పాలి. 'బంతి నాది', 'రింగు నాది' అన్న రెండు కేకలు చాలు. మన పిల్లలు కోర్టులో మాట్లాడరు. సిగ్గు అనండి, పెద్దల ముందు గొంతెత్తకూడదన్న పెంపకం అనండి, దాన్ని సాధనలోనే పోగొట్టాలి.

ఇద్దరు రక్షకులు ముగ్గురిని ఎదుర్కోవలసి వస్తే ఒకరి వెనుక ఒకరు నిలబడతారు. ముందున్నవాడు ఫ్రీ త్రో లైన్ పైన బంతిని ఆపుతాడు. బంతి పక్కకు వెళ్లగానే వెనుకవాడు దాని మీదకు వెళతాడు, ముందువాడు దిగి రింగు ముందు అతని చోటు తీసుకుంటాడు. వీరి ఉద్దేశం బంతిని లాక్కోవడం కాదు. అదనంగా ఒక పాస్ వేయించడం. ఆ పాస్ వేసేలోపు మూడో రక్షకుడు వచ్చేస్తాడు.

2016 ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్ ఇందుకు మంచి ఉదాహరణ. స్కోరు 89-89. రెండు నిమిషాలలోపు ఆట మిగిలి ఉంది. క్లీవ్‌లాండ్ షాట్ తప్పింది. గోల్డెన్ స్టేట్ ఆటగాడు ఆండ్రే ఇగ్వొడాలా రీబౌండ్ తీసుకుని, స్టెఫెన్ కర్రీకి ఇచ్చి, తిరిగి అందుకుని లేఅప్‌కు లేచాడు. వెనుక నుంచి కోర్టంతా పరుగెత్తుకొచ్చిన లెబ్రాన్ జేమ్స్ ఆ బంతిని బోర్డుకు కొట్టాడు. క్లీవ్‌లాండ్ 93-89తో గెలిచి చాంపియన్ అయింది. అందరూ గుర్తు పెట్టుకున్నది లెబ్రాన్‌ను. మీరు ఆ దృశ్యం చూసినప్పుడు జె.ఆర్. స్మిత్‌ను గమనించండి. ముందుగా రింగు దగ్గరకు చేరి, ఫౌల్ చేయకుండా ఇగ్వొడాలాకు అడ్డుపడి, అతను గాలిలో బంతిని సర్దుకునేలా చేసింది స్మితే. ఆ ఆలస్యమే లెబ్రాన్‌కు సమయం ఇచ్చింది. మీ జట్టులో లెబ్రాన్ ఉండడు. స్మిత్ చేసిన పనిని మాత్రం ఎవరికైనా నేర్పవచ్చు.

మరొక మాట. ఓడిపోతున్నామనిపించినప్పుడు చొక్కా పట్టి లాగడం, నడుము పట్టుకోవడం కొందరికి తెలివైన పనిగా తోస్తుంది. రింగు వైపు దారి స్పష్టంగా ఉన్న ఆటగాడిని వెనుక నుంచి గాని పక్క నుంచి గాని ఇలా ఆపితే ఫిబా నియమాల ప్రకారం అది అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్. ఫ్రీ త్రోలు పోతాయి, బంతి కూడా వారికే దక్కుతుంది. ఎన్‌బీఏ కూడా ట్రాన్సిషన్‌ను చెడగొట్టే ఫౌల్‌పై 2022-23 సీజన్ నుంచి శిక్ష పెంచింది.

బంతి దొరికినప్పుడు

బోస్టన్ సెల్టిక్స్ 1957 నుంచి 1969 వరకు 13 సీజన్లలో 11 సార్లు చాంపియన్లయ్యారు. వారి దాడి బిల్ రసెల్ రీబౌండ్‌తో మొదలయ్యేది. అతను బంతిని కిందికి దించకుండా, డ్రిబుల్ చేయకుండా, పక్కకు తిరిగి గార్డ్‌కు వేసేవాడు. దీనినే అవుట్‌లెట్ పాస్ అంటారు. మన మైదానాలలో కనిపించేది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. రీబౌండ్ తీసినవాడు తలదించి, జనం మధ్య రెండుసార్లు నేలకు కొట్టి, బంతి పోగొట్టుకుంటాడు.

అవుట్‌లెట్ అందుకోవలసిన ఆటగాడు సైడ్ లైన్ దగ్గర, ఫ్రీ త్రో లైన్ ఎత్తున, వీపు సైడ్ లైన్‌కు ఆనేలా నిలవాలి. అప్పుడు బంతి వచ్చేదీ కనిపిస్తుంది, ముందున్న కోర్టూ కనిపిస్తుంది. అక్కడి నుంచి బంతి మధ్యకు రావాలి. మిగిలిన ఇద్దరు రెండు పక్కల, సైడ్ లైన్‌కు దగ్గరగా పరుగెత్తాలి. ఇరుకుగా పరుగెత్తితే ఒక్క రక్షకుడే ఇద్దరినీ కాస్తాడు. నాలుగోవాడు కాస్త ఆలస్యంగా మధ్యలో వస్తాడు. అతనిని ట్రైలర్ అంటారు. ముందరి ముగ్గురినీ రక్షకులు ఆపినప్పుడు, ఎవరూ గమనించని ఖాళీలో షాట్ దొరికేది ఇతనికే.

మధ్యలో బంతి తెస్తున్న అమ్మాయి ముగ్గురిపై ఇద్దరన్న పరిస్థితిలో ఫ్రీ త్రో లైన్ దగ్గర ఆగాలి. రింగు దాకా వెళితే పక్కవారికి పాస్ వేసే కోణం పోతుంది. రక్షకురాలు తన మీదకు వస్తే పాస్, రాకపోతే షాట్. ఈ నిర్ణయం రక్షకురాలి పాదాలను చూసి తీసుకోవాలి. ముందే అనుకుని వచ్చే పాస్‌ను పట్టడం సులువు.

ఆధిక్యం లేదని తెలిసినప్పుడు ఆగడం కూడా ట్రాన్సిషన్‌లో భాగమే. రక్షకులు ముగ్గురు, మనం ఇద్దరం ఉన్నప్పుడు దూసుకుపోవడం ధైర్యం కాదు. బంతి అందిన ఏడెనిమిది సెకన్లలో మంచి షాట్ దొరకకపోతే బయటకు తీసి, నేర్చుకున్న దాడిని కుదురుగా ఆడించాలి. గడియారంలో ఇంకా 16 సెకన్లు ఉంటాయి.

బాస్కెట్ తిన్న తరువాత ఏం చేయాలన్నది ఎవరూ నేర్పరు. అప్పుడు పిల్లలు ఒకరినొకరు చూసుకుని నిట్టూరుస్తారు. వల కింద నుంచి బంతి తీసి, ఎండ్ లైన్ బయట ఒక అడుగు పెట్టి లోపలికి వేసే పనిని ఒక్కరికే అప్పగించండి. ప్రతిసారీ ఆ ఒక్కరే. ఇదొక్కటి చేస్తే మీ జట్టు వేగం ఒక్క వారంలో మారడం కనిపిస్తుంది.

విజిల్ దగ్గరి చిక్కు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పైన చెప్పినవన్నీ చాలామంది వ్యాయామ ఉపాధ్యాయులకు తెలుసు. అయినా వారి జట్లు మ్యాచ్‌లో ఇవి చేయవు. కారణం సాధన పద్ధతిలో ఉంది. మామూలుగా అర్ధ కోర్టులో ఆడిస్తాం. షాట్ పడినా, తప్పినా విజిల్ వేసి, బంతిని మొదటివారికే ఇచ్చి, మళ్లీ మొదలుపెడతాం. అంటే షాట్ తరువాత ఆగి నిలబడటాన్ని రోజుకు వంద సార్లు నేర్పుతున్నాం. మ్యాచ్ రోజున వారు నిలబడిపోతే వారిని కోప్పడటంలో అర్థం లేదు.

ముగ్గురు వరుసలో పాస్‌లు వేసుకుంటూ వెళ్లి లేఅప్ చేసే సాధన కూడా దాదాపు ప్రతి మైదానంలో కనిపిస్తుంది. శరీరం వేడెక్కడానికి అది మంచిదే. కాని అందులో రక్షకుడు లేడు, బంతి చేతులు మారదు, నిర్ణయం తీసుకోవలసిన అవసరమే రాదు. దాన్ని ట్రాన్సిషన్ సాధనగా లెక్కించవద్దు. ఒక అభ్యాసం ట్రాన్సిషన్‌కు పనికొస్తుందో లేదో తెలుసుకోవాలంటే, అందులో బంతి పోగొట్టుకున్నవాడికి వెంటనే చేయవలసిన పని ఉందా అని చూడండి.

ఉపయోగపడే అభ్యాసాలు

మొదటిది అయిదుగురితో చేసేది. ముగ్గురు బంతితో వస్తారు, ఇద్దరు రింగు ముందు కాస్తారు. షాట్ పడగానే లేదా తప్పగానే ఆ ఇద్దరు బంతి తీసుకుని అవతలి రింగు వైపు దాడికి వెళతారు. వారిని ఒంటరిగా ఆపవలసింది షాట్ వేసినవాడే. మధ్యలో బంతి పోగొట్టుకుంటే, పోగొట్టుకున్నవాడు. తక్కిన ఇద్దరూ అక్కడే ఉండి తరువాతి ముగ్గురికి రక్షకులవుతారు. తన షాట్ అందాన్ని చూసుకుంటూ నిలబడే అలవాటుకు ఇంతకు మించిన మందు లేదు.

రెండోది పదకొండు మంది అభ్యాసం. ఒక్క బంతి, ఎక్కువమంది పిల్లలు ఉన్న పాఠశాలకు ఇది వరం. రెండు రింగుల ముందూ ఇద్దరేసి రక్షకులు ఉంటారు. రెండు అర్ధ కోర్టులలోనూ, అవుట్‌లెట్ చోట్ల, ఒక్కో సైడ్ లైన్ దగ్గర ఒకరు చొప్పున ఇద్దరేసి నిలుస్తారు. మిగిలిన ముగ్గురు మధ్య నుంచి ఒక రింగు మీద దాడికి వెళతారు. షాట్ తరువాత ఆ అయిదుగురిలో బంతి ఎవరికి దొరికితే వారు అవుట్‌లెట్ పాస్ వేస్తారు. వారూ, ఆ వైపు అవుట్‌లెట్‌లో ఉన్న ఇద్దరూ కలిసి కొత్త ముగ్గురై అవతలి రింగు మీదకు వెళతారు. వెనుక మిగిలిన నలుగురిలో ఇద్దరు రక్షకులు, ఇద్దరు అవుట్‌లెట్ చోట్లకు. ఇలా ఆగకుండా సాగుతుంది. మొదటి రోజు గందరగోళంగా ఉంటుంది, భయపడవద్దు. సుద్దముక్కతో నేల మీద స్థానాలు గీసి, ఒకసారి నడిపించి చూపండి. మూడో రోజుకు వారే ఒకరికొకరు చెప్పుకుంటారు. పదకొండు మందికి మించి ఉన్నవారిని రెండేసి నిమిషాలకు మార్చండి. బయట ఉన్నవారిని ఊరికే కూర్చోబెట్టక, ఎన్ని పాస్‌లు పోయాయో లెక్క రాయమనండి.

మూడోది నా దృష్టిలో మ్యాచ్‌కు అన్నిటికంటే దగ్గరిది. నలుగురు దాడివారు ఎండ్ లైన్ మీద వరుసగా నిలుస్తారు. వారికి ఎదురుగా, ఫ్రీ త్రో లైన్ ఎత్తున, నలుగురు రక్షకులు. మీరు బంతిని ఏదో ఒక దాడివాడికి విసురుతారు. అతనికి ఎదురుగా ఉన్న రక్షకుడు ముందుకు వచ్చి ఎండ్ లైన్‌ను కాలితో తాకి, ఆ తరువాతే వెనక్కి పరుగెత్తాలి. ఈలోగా తక్కిన ముగ్గురు రక్షకులు నలుగురిని ఆపాలి. ఎవరికి బంతి వస్తుందో ముందు తెలియదు కనుక ఎవరు బంతిని ఆపాలి, ఎవరు రింగు కాయాలి అన్నది పరుగులోనే తేలాలి, నోరు తెరవక తప్పదు. మొదటి షాట్ దగ్గర ఆపకండి. బంతి మూడుసార్లు చేతులు మారేవరకు విజిల్ వద్దు.

మామూలు అయిదుగురు-అయిదుగురు ఆటలో కూడా ఒక చిన్న నియమం పెట్టవచ్చు. బాస్కెట్ వేసిన జట్టుకు వెంటనే పాయింట్లు ఇవ్వకండి. ఎదుటి జట్టు తిరిగి వచ్చి 8 సెకన్లలో బాస్కెట్ వేయలేకపోతేనే ఆ పాయింట్లు లెక్కలోకి వస్తాయని చెప్పండి. సంబరం దానంతటదే వాయిదా పడుతుంది.

తప్పులు దిద్దేటప్పుడు ఆట మధ్యలో ఆపవద్దు. రెండు నిమిషాల విడత అయ్యాక పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: 'ఇందాక బంతిని ఆపవలసింది ఎవరు?' జవాబు వారినే చెప్పనివ్వండి. ఒక విడతకు ఒక్క దిద్దుబాటు చాలు.

నేల, ఎండ, స్తంభం

విదేశీ పుస్తకాలలో ఈ భాగం ఉండదు, కాని మన సిమెంటు కోర్టులకు ఇది లేకుండా కుదరదు. పూర్తి వేగంతో లేఅప్‌కు వెళ్లిన పిల్లవాడు వెంటనే ఆగలేడు. అతని ముందు ఇనుప స్తంభం ఉంటుంది. కోర్టు గీతల చుట్టూ 2 మీటర్ల ఖాళీ ఉండాలి, స్తంభానికి మెత్త ఉండాలి. మీ పాఠశాలలో రెండూ లేకపోవచ్చు. పాత దూది పరుపునో, జిమ్నాస్టిక్స్ చాపనో తాడుతో స్తంభానికి మనిషి ఎత్తు వరకు కట్టించండి. అది కట్టేవరకు పూర్తి వేగపు అభ్యాసాలు మొదలుపెట్టవద్దు. సాధనకు ముందు కోర్టు ఊడిపించండి. సిమెంటు మీద పలచటి ఇసుక పొర చాలు, మోకాలు మెలిపడటానికి.

రెండు నిమిషాలు ఆడించి, రెండు నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి. అలా అయిదారు విడతలు, వారానికి మూడు రోజులు, పాఠశాల జట్టుకు సరిపోతాయి. అలసటలోనూ సరైన నిర్ణయం తీసుకోవడం అవసరమే గాని, కాళ్లు ఈడుస్తున్నవారితో వేగం సాధన చేయించడం నెమ్మదిని నేర్పడమే అవుతుంది. మార్చి దాటాక ఉదయం 7 గంటలలోపు ముగించండి. ప్రతి విరామంలో నీళ్లు తాగించండి.

క్షేత్ర కార్యం

మీ సమీపంలో జరిగే ఏదైనా పాఠశాల లేదా కళాశాల మ్యాచ్‌కు నోటు పుస్తకంతో వెళ్లండి. ఒక్క జట్టునే ఎంచుకుని, రెండు క్వార్టర్లు చూడండి. బంతి ఆ జట్టు చేతి నుంచి పోయిన ప్రతిసారీ మూడు విషయాలు రాయండి: ఎలా పోయింది, మొదట వెనక్కి తిరిగినది ఎవరు, ఎదుటివారి షాట్ సమయానికి రింగుకు బంతికి మధ్య ఎంతమంది ఉన్నారు. ఎవరైనా నోరు తెరిచి పిలిచారా అన్నది పక్కన ఒక గుర్తుతో సూచించండి. ఆ కాగితాన్ని మీ సంప్రదింపు తరగతికి తీసుకురండి. మీరు చూసిన జట్టుకు పై మూడు అభ్యాసాలలో దేనిని మొదట ఇస్తారో, ఎందుకో అక్కడ చర్చిద్దాం.